ఉప్పునీళ్ళలో పూచే పొద: అల్ థఖీరాలో మన మడచెట్టు

ఖతార్ అనగానే మన ఊళ్ళలో వాళ్ళకు గుర్తొచ్చేవి మూడే. ఇసుక, ఎండ, గ్యాస్. ఇక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్న మనకైనా అంతకు మించి ఏం తెలుసు? తెల్లారకముందే బస్సెక్కితే సైటు, సాయంత్రానికి రూము. శుక్రవారం వస్తే బట్టలు ఉతుక్కోవడం, వారానికి సరిపడా సామాను తెచ్చుకోవడం, ఇంటికి ఫోను. పచ్చదనం అంటే రోడ్డు మధ్య డివైడర్‌లో నాటిన పూలమొక్కలే. అవైనా పైపు నీళ్ళ మీద బతికేవి. ఎండాకాలంలో నాలుగు రోజులు పైపు కట్టేస్తే మాడి ఊరుకుంటాయి.

అలాంటి దేశంలో ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా, అదీ సముద్రపు ఉప్పునీళ్ళలో నిలబడి ఏటా పూత పూసే పొద ఒకటుంది. మా నజ్మా నుంచి ఉత్తరానికి గంట సేపు బండి మీద వెళ్తే చాలు, అల్ ఖోర్ దాటాక అల్ థఖీరా అనే ఊరి దగ్గర అది కనిపిస్తుంది. ఒకవైపు తెల్లటి ఎడారి, ఇంకోవైపు నీలం సముద్రం, రెండింటి మధ్య ముదురు ఆకుపచ్చ గీత. మొదటిసారి చూసినవాళ్ళు ఎవరో తోట పెంచారనుకుంటారు. అది తోట కాదు, అడవి.

అరబ్బీలో దాన్ని ఖుర్మ్ అంటారు. మనకు మాత్రం అది కొత్త మొక్క కాదు. కాకినాడ పక్కన కోరంగిలో, కృష్ణ సముద్రంలో కలిసే చోట, తరతరాలుగా మనవాళ్ళు మడ అని పిలుచుకునే చెట్ల జాతుల్లో ఇదీ ఒకటి. అక్కడ దాని పేరు తెల్లమడ.

మా రూముల్లో కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు ఎక్కువ. తూర్పు గోదావరి వాళ్ళు కొద్దిమందే. అందరం కలిసి థఖీరా వెళ్ళిన ఒక శుక్రవారం, మాలో తాళ్ళరేవు వైపు నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన ఒడ్డున ఆకు తుంచి, తిప్పి చూసి, నాలిక మీద పెట్టుకుని నవ్వేశాడు. "ఏవండీ, ఇది మా మడేనండీ. ఇంత పొట్టిగా ఉందేంటండీ ఇక్కడ?" అన్నాడు. పక్కనున్న జగిత్యాల తమ్ముడికి నమ్మకం కలగలేదు. "గింత ఉప్పుల చెట్టు ఎట్ల బతుకుతదన్నా?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే అది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతికితే ఈ మొక్క కథ చాలా వరకు తెలిసిపోతుంది.

ఉప్పును వడకట్టే వేరు, ఉప్పును కక్కే ఆకు

మన వరి మడిలోకి ఒకసారి సముద్రపు నీరు వచ్చిందంటే ఏమవుతుందో తుఫాను చూసిన రైతుకు తెలుసు. పంట పోవడమే కాదు, ఆ తర్వాత కూడా నేల తేరుకోదు. మామూలు సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. గల్ఫ్ నీళ్ళలో అంతకన్నా ఎక్కువ. ఇక్కడ నది లేదు. వాన ఏడాది మొత్తానికి సగటున 80 మిల్లీమీటర్ల లోపే. కాకినాడలో ఒక్క ముసురుకు అంత కురిసిపోతుంది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. లోతు తక్కువున్న పాయల్లో ఆ ఉప్పు మరీ చిక్కగా ఉంటుంది.

మడ ఈ ఉప్పును రెండు చోట్ల ఆపుతుంది. మొదటిది వేరు. నీటిని లోపలికి పీల్చేటప్పుడే ఉప్పులో ఎక్కువ భాగాన్ని బయటే వదిలేస్తుంది. మన దగ్గర తాగునీటి ప్లాంటులో జల్లెడ పొర ఎలా పని చేస్తుందో, దాదాపు అలాగే. ఖతార్‌లో మనం తాగే నీళ్ళు సముద్రం నుంచి ఉప్పు తీసినవే కదా. దానికి పెద్ద పెద్ద యంత్రాలు, బోలెడంత గ్యాస్ కావాలి. మడకు ఎండ ఒక్కటే చాలు.

వేరు దాటి లోపలికి వచ్చిన ఉప్పును ఆకు చూసుకుంటుంది. ఆకులో సన్నటి గ్రంథులుంటాయి. వాటి గుండా ఉప్పునీరు బయటికి ఊరుతుంది. నీరు ఆరిపోయాక ఆకు మీద తెల్లటి ఉప్పు పలుకులు మిగులుతాయి. మా మేస్త్రి నాలిక మీద పెట్టుకుని చూసింది దాన్నే. ఆకు పై భాగం నున్నగా, పచ్చగా ఉంటుంది. అడుగు భాగం బూడిద రాసినట్టు తెల్లగా ఉంటుంది. గాలి వీచి ఆకులు తిరగబడితే పొద మొత్తం ఒక్క క్షణం తెల్లగా మెరుస్తుంది.

నేలలోంచి పైకి మొలిచే వేర్లు

థఖీరాలో అందరి చూపూ ముందు పడేది ఆకు మీద కాదు, నేల మీద. పొద చుట్టూ బురదలోంచి వేలకొద్దీ పుల్లలు నిటారుగా లేచి ఉంటాయి. పెన్సిలంత లావు, జానెడు ఎత్తు. సైటులో స్లాబు పోసే ముందు పైకి వదిలిన స్టార్టర్ రాడ్లలా వరసలు వరసలుగా ఉంటాయి. చాలామంది వాటిని ఎండిపోయిన మొక్కలనుకుని తొక్కుకుంటూ పోతారు. అవి ఎండినవి కావు. చెట్టుకు అవే ముక్కులు.

ఈ బురదలో గాలి ఉండదు. పైపొర కొంచెం గీకితే కింద నల్లటి అడుసు, కుళ్ళిన గుడ్డు వాసన. ఏ వేరైనా బతకాలంటే గాలి కావాలి. అందుకని మడ తన పెద్ద వేర్లను నేల కింద అడ్డంగా పరిచి, వాటి నుంచి ఈ పుల్లలను పైకి పంపుతుంది. సముద్రం వెనక్కి వెళ్ళి నేల బయటపడినప్పుడు ఈ ఊపిరి వేర్లు తమ సన్నటి రంధ్రాల గుండా గాలి పీల్చి లోపలికి చేరవేస్తాయి. పోటు వచ్చి నీళ్ళలో మునిగినంత సేపూ ఆ గాలితోనే గడుపుకోవాలి.

దీన్ని బట్టే మడను చంపడం ఎంత తేలికో అర్థమవుతుంది. గొడ్డలి అక్కర్లేదు. ఊపిరి వేర్ల మీద చమురు పేరుకున్నా, సిమెంటు పాలు గడ్డకట్టినా, మట్టి కప్పినా చాలు, చెట్టుకు ఊపిరాడదు. 1991 గల్ఫ్ యుద్ధంలో సముద్రంలోకి వదిలిన ముడి చమురు సౌదీ తూర్పు తీరాన ఇలాగే మడలను దెబ్బతీసింది.

మన ఎండలకు దాని పూత

ఇక పువ్వు సంగతి. మందారంలా, గన్నేరులా దూరానికి కనిపించే పువ్వు కాదు ఇది. కొమ్మ చివర గుత్తిగా, ఒక్కొక్కటీ జొన్న గింజ కన్నా కొంచెం పెద్దగా, నారింజ కలిసిన పసుపు రంగులో ఉంటుంది. రేకులు నాలుగే. దగ్గరికి వెళ్తే గానీ పూసిందని తెలియదు. తేనెటీగలకు మాత్రం బాగా తెలుసు. ఎండలు ముదిరే రోజుల్లో చుట్టుపక్కల ఇంకేమీ పూయనప్పుడు వాటికి దొరికే తేనె ఇదే.

2021 నుంచి ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పొద్దున పది గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. మనుషులు నీడకు చేరే ఆ రోజుల్లోనే మడ తన పూతను కాయగా మార్చుకుంటుంది. ఎండాకాలం చివరికి వచ్చేసరికి బాదం కాయ ఆకారంలో, వేలి కొనంత కాయలు తయారవుతాయి.

ఆ కాయలో ఒక విచిత్రం ఉంది. చిక్కుడు గింజో, వడ్ల గింజో అయితే నేలలో పడ్డాకే మొలకెత్తుతుంది. మడ గింజ తల్లి కొమ్మ మీద ఉండగానే, కాయ తొక్క లోపలే మొలకెత్తేస్తుంది. రాలే నాటికే అది మొలక. నీళ్ళలో పడి తేలుతూ పోతుంది. కొంత దూరం వెళ్ళాక తొక్క ఊడిపోతుంది. కుదురైన బురద తగిలితే వేరు దించుతుంది. ఉప్పులో గింజ మొలకెత్తడం కష్టం కాబట్టి, ఆ కష్టమైన దశను తల్లి దగ్గరే దాటించి పంపిస్తుందన్న మాట. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా ఇంట్లో పెంచి, చేతికింత పని నేర్పి, ఆ తర్వాత విమానం ఎక్కించే తల్లుల బిడ్డలం మనం. దీని గురించి మనకు వేరే చెప్పాలా?

ఒక మొక్కకు ఎన్ని పేర్లో

శాస్త్రవేత్తలు ఈ మొక్కను అవిసెన్నియా మెరీనా అంటారు. ఆ పేరు వెనక ఇద్దరున్నారు. అవిసెన్నా అంటే యూరప్ వాళ్ళ నోట్లో ఇబ్న్ సీనా పేరు. 980లో పుట్టి 1037లో చనిపోయిన ఈ పారశీక వైద్యుడు రాసిన వైద్య గ్రంథాన్ని కొన్ని వందల ఏళ్ళ పాటు యూరప్ కాలేజీల్లో కూడా చదివారు. మొక్కలకు పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ ఆ గౌరవంతోనే ఈ జాతికి అవిసెన్నియా అని పేరు పెట్టాడు.

రెండో మనిషి పీటర్ ఫోర్స్కోల్. లిన్నేయస్ శిష్యుడు. డెన్మార్క్ రాజు 1761లో అరేబియాకు పంపిన బృందంలో మొక్కల పని చూసేవాడు. ఎర్ర సముద్రం ఒడ్డున ఈ మొక్కను చూసి వివరంగా రాసుకున్నాడు. 1763లో యెమెన్‌లో జబ్బు చేసి చనిపోయాడు. అప్పటికి వయసు 31. ఆ బృందంలో ప్రాణాలతో తిరిగి వెళ్ళింది నీబుర్ ఒక్కడే. ఫోర్స్కోల్ రాతలను అతనే 1775లో అచ్చు వేయించాడు. పరాయి దేశంలో పనికి వచ్చి, తిరిగి వెళ్ళలేకపోయిన మనిషి రాసుకున్న కాగితాల వల్లే ఈ పొద లోకానికి తెలిసింది.

ఇంకా వెనక్కి వెళ్తే, క్రీస్తుకు పూర్వం మూడు వందల ఏళ్ళ నాటి గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ కూడా గల్ఫ్‌లో సముద్రపు నీళ్ళలో పెరిగే చెట్ల గురించి రాశాడు. అలెగ్జాండర్ మనుషులు బహ్రెయిన్ చూసి వచ్చి చెప్పిన సంగతులవి. పోటు వచ్చినప్పుడు చెట్లు మునగడం, నీరు దిగాక వేర్లు బయటపడటం వాళ్ళకూ వింతగానే తోచింది.

560 కిలోమీటర్ల తీరంలో కొద్ది చోట్లే

ఖతార్ చుట్టూ మూడు వైపులా సముద్రమే. తీరం పొడవు 560 కిలోమీటర్లకు పైనే. ఇంత తీరం ఉన్నా మడ తనంతట తాను పెరిగింది ఈశాన్యంలో అల్ ఖోర్, థఖీరా చుట్టుపక్కల పాయల్లోనే ప్రధానంగా. మిగతా కొన్ని చోట్ల కనిపించేవి తర్వాత మనుషులు నాటినవి.

ఎందుకిలా? మడ కోరుకునే చోటు అంత తేలిగ్గా దొరకదు. అలలు గట్టిగా కొట్టకూడదు, కొడితే మొలక నిలవదు. ఇసుక, రాయి పనికిరావు, మెత్తటి బురద కావాలి. రోజూ పోటుకు నీళ్ళు రావాలి, పాటుకు పూర్తిగా వెళ్ళిపోవాలి. థఖీరా దగ్గర భూమి వంపులు తిరిగి సముద్రాన్ని చేతుల్లోకి తీసుకున్నట్టు ఉంటుంది. అలల జోరు ఆ వంపులో చల్లారిపోతుంది. నీరు నెమ్మదిగా వచ్చి, తెచ్చిన ఒండ్రును వదిలి, నెమ్మదిగా వెళ్తుంది. ఒక చోట ఇవన్నీ కుదరడమే అరుదు. అందుకే పొద కూడా అరుదైంది.

ఇక్కడి మడ చాలా వరకు మనిషెత్తుకు కాస్త అటూ ఇటూ ఉండే పొదలే. కోరంగిలో గోదావరి మంచినీళ్ళు కలుస్తాయి గనుక అదే జాతి చెట్టుగా ఎదుగుతుంది. ఇక్కడ ఉప్పు ఎక్కువ, శీతాకాలంలో చలి కూడా ఉంది. ఎదుగుదలకు పెట్టాల్సిన శక్తంతా బతకడానికే ఖర్చవుతుంది. మా మేస్త్రి అడిగిన "ఇంత పొట్టిగా ఉందేంటండీ" అన్న దానికి జవాబు అదే.

పొట్టిదైనా దాని కింద పెద్ద సంసారమే ఉంది. పీతలు బొరియలు చేస్తాయి. రొయ్య పిల్లలు, చేప పిల్లలు వేర్ల మధ్య దాక్కుని పెరుగుతాయి. వాటి కోసం కొంగలు వస్తాయి. చలికాలంలో రాజహంసలు దిగుతాయి. ఒకప్పుడు ఈ ఆకు ఒంటెలకు మేత, ఈ కర్ర పొయ్యికి వంటచెరకు. ఒడ్డుకు కొంచెం పైన, పోటు నీరు ఎప్పుడో గాని అందని ఉప్పునేలలో ఖతాఫ్ అనే చిన్న పొద ఊదారంగు పూలు పూస్తుంది. అదీ ఆకుల మీద ఉప్పు కక్కే రకమే.

అక్కడే అల్ ఖోర్ ద్వీపం ఉంది. పర్పుల్ ఐలాండ్ అంటే టాక్సీ వాళ్ళకు కూడా తెలుస్తుంది. మూడు వేల ఏళ్ళకు పూర్వం, బాబిలోన్‌ను కస్సైట్ రాజులు ఏలిన కాలంలో, ఇక్కడ సముద్రపు నత్తలను చితక్కొట్టి ఊదా రంగు తీసేవాళ్ళు. రాజుల బట్టలకు వాడే ఖరీదైన రంగు అది. తవ్వకాల్లో నత్తగుల్లల గుట్టలు బయటపడ్డాయి. అంటే ఈ పాయల ఒడ్డున కూలి పని మన కాలంలో మొదలైంది కాదు.

కోరంగి నుంచి రంగూన్‌కు

ఇప్పుడు మన తీరం వైపు చూద్దాం. కాకినాడ నుంచి యానాం పోయే దారిలో చొల్లంగి దాటాక కోరంగి వస్తుంది. 1978లో ఇక్కడి మడ అడవిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, పొన్న లాంటి రకాలెన్నో ఉన్నాయి. బావురుపిల్లికి ఇది పేరున్న చోటు. ఖతార్ పాయల్లో సహజంగా పెరిగే మడ రకం ఒక్కటే అయితే, అక్కడ అదొక పెద్ద కుటుంబం.

కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. ఓడలు కట్టేవాళ్ళు, బాగు చేసేవాళ్ళు. 1839 నవంబర్‌లో వచ్చిన తుఫాను ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టింది. అయినా ఆ పేరు సముద్రం దాటి బతికింది. ఈ తీరం నుంచి బర్మాకు కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళను రంగూన్‌లో "కోరంగీలు" అనేవారు. ఏ ఊరివాడైనా, ఏ జిల్లావాడైనా అక్కడ కోరంగీయే. మడ చెట్ల మధ్య నుంచి ఓడెక్కి వెళ్ళిన ఆ మనుషుల తర్వాతి వరసే మనం. ఇప్పుడు శంషాబాద్‌లో విమానం ఎక్కుతున్నాం, అంతే తేడా.

మడ విలువ తుఫాను రోజున తెలుస్తుంది. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమను తాకిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి సంగతులు కోనసీమ వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. గాలిని ఏ చెట్టూ ఆపలేదు. కానీ ఎగిసి వచ్చే నీటి జోరును దట్టమైన మడ కొంతైనా విరుస్తుంది. వేర్లు ఒడ్డును పట్టి ఉంచుతాయి. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ఈ సంగతి ప్రభుత్వాలు కూడా గట్టిగా పట్టించుకున్నాయి.

నాటడం కన్నా నీటి దారే ముఖ్యం

ఇక మా పనికి దగ్గరైన మాట. మడ బతుకు మొత్తం లెవెల్ లెక్క మీద నడుస్తుంది. సముద్ర మట్టానికీ, పోటు నీరు అందే గీతకూ మధ్యనున్న కాస్త జాగాలోనే అది బతుకుతుంది. అంతకన్నా నేల పల్లమైతే ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఊపిరాడదు. ఎత్తయితే నీరు అందదు, ఉప్పు పేరుకుంటుంది. జానెడు తేడా చాలు. లెవెల్ మిషన్ పట్టుకుని మిల్లీమీటర్ల కోసం వాదించుకునే మాలాంటి వాళ్ళకు ఇది వెంటనే అర్థమయ్యే విషయం.

తీరాన్ని పచ్చగా చేద్దామని మొక్కలు నాటి, ఫొటోలు దిగి వచ్చేయడం లోకమంతటా జరిగేదే. తప్పుడు లెవెల్‌లో నాటిన మొక్కలు ఏడాది తిరిగేసరికి ఉండవు. పని చేసిన పద్ధతి వేరే ఉంది. తమిళనాడు పిచ్చావరంలో, ఆ తర్వాత మన గోదావరి, కృష్ణ ముఖద్వారాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అటవీ శాఖతో, ఊరివాళ్ళతో కలిసి చేసిన పని అది.

పూర్వం వంటచెరకు కోసం, కలప కోసం అడవిని వంతులవారీగా మొత్తం నరికేసేవారు. నీడ పోయి ఎండకు నేల ఎండింది, కుంగి పళ్ళెంలా తయారైంది. పోటుకు లోపలికి వచ్చిన నీరు బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచి ఆవిరైంది. ఉప్పు మిగిలింది. ఆ ఉప్పులో మడ కూడా బతకలేదు. ఇలాంటి చోట్ల ముందు చేసింది మొక్క నాటడం కాదు, కాలవ తవ్వడం. మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలవలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పాయలోంచి పోటు నీరు ఆ కాలవల గుండా వచ్చి, పాటుకు ఉప్పును కడుక్కుని వెళ్ళిపోతుంది. నేల చల్లబడ్డాక నాటిన మొక్కలు నిలిచాయి. నాటని మొక్కలు కూడా నీళ్ళతో కొట్టుకొచ్చి వాటంతటవే మొలిచాయి.

మేము చెప్పదలచుకున్నది ఇదే. ఈ పొదకు మనుషుల సేవ అక్కర్లేదు, నీటి దారి మూసేయకపోతే చాలు. దాని చోటు దానికుంటే ఖతార్ ఎండల్లోనైనా, గోదావరి వరదల్లోనైనా అదే బతుకుతుంది. చోటు పోయాక ఎన్ని వేల మొక్కలు తెచ్చి నాటినా దండగే.

చోటు పోవడానికి ఎవరో దుర్మార్గుడు అక్కర్లేదు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర పేదలకు ఇళ్ళ స్థలాల కోసం మడ నేలను మట్టితో పూడ్చడం మీద గొడవ రేగింది. మత్స్యకారులు, పర్యావరణం గురించి పనిచేసేవాళ్ళు అడ్డు చెప్పారు. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఇల్లు లేని మనిషికి ఇల్లు కావాలన్నది న్యాయమే. మనలో ఎంతమందిమి ఆ ఇంటి కోసమే ఇక్కడున్నాం! కానీ ఉప్పెన వచ్చే దారిలో, దానికి అడ్డుగా ఉన్న చెట్టును తీసేసి కట్టిన ఇల్లు ఎవరికి భద్రం? పేదవాడికి స్థలం ఇవ్వాల్సిందే, మెరక మీద ఇవ్వాలి.

సైటులో మన చేతిలో ఉన్నది

ఖతార్‌లో మొక్కల్ని, అవి పెరిగే నేలను పాడు చేయకూడదని 1995లోనే చట్టం వచ్చింది. పర్యావరణ పరిరక్షణ చట్టం 2002లో వచ్చింది. చట్టాలు ఆఫీసుల్లో ఉంటాయి. బకెట్ ఎక్కడ దించాలి, మిక్సర్ ఎక్కడ కడగాలి అన్నది మాత్రం సైటులో, మన కళ్ళ ముందు జరుగుతుంది. తీరం వైపు రోడ్డు పని, పైపులైను పని, గోడ పని చేసేవాళ్ళలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. అందుకని మాకు తెలిసినంతలో కొన్ని మాటలు.

కాంక్రీట్ బండి, పంపు, తట్టలు కడిగిన నీళ్ళు పాయలోకి గానీ, పాయలోకి పోయే పల్లంలోకి గానీ వదలకూడదు. ఆ పాలు ఊపిరి వేర్ల మీద పడితే పూత పూసినట్టు గట్టిపడతాయి. కడగడానికి వేరే గుంట ఉంటుంది, లేకపోతే అడగాలి. డీజిల్ డ్రమ్ము కింద ట్రే పెట్టాలి. జనరేటర్ ఆయిలు మార్చినప్పుడు పాత ఆయిలు ఇసుకలో పారబోయకూడదు.

తాత్కాలికంగా రోడ్డు వేసుకునేటప్పుడు పాయకు అడ్డంగా మట్టి పోస్తే, కింద పైపు వేయకుండా ముందుకు పోకూడదు. వేసిన పైపు కూడా సరైన మట్టంలో ఉండాలి. అడుగు పైకి వేస్తే పోటు నీరు లోపలికి రాదు. వచ్చినా తిరిగి పోదు. పని అయిపోయాక ఆ మట్టి తీసేయాలి. పైకి చూస్తే చిన్న కట్టే గానీ, దాని వెనకాల పొదలు రెండు ఎండాకాలాలకు మించి తట్టుకోవు.

"లేబర్ మాట ఎవడు వింటడన్నా?" అని మా తమ్ముళ్ళు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఫోర్‌మన్ మీద తేదీల ఒత్తిడి ఉంటుంది, లారీ వాడికి ట్రిప్పుల లెక్క ఉంటుంది. మాట ఎక్కువైతే పని పోతుందన్న భయం మనకుంటుంది. కానీ పొద్దున పని మొదలయ్యే ముందు సేఫ్టీ మాటలు చెప్పే పది నిమిషాలుంటాయి. "సార్, కడిగిన నీళ్ళు ఎక్కడ పోయాలి? ఈ డ్రాయింగులో కల్వర్టు మట్టం ఎంత?" అని అడగడానికి అదే సమయం. అది ఎదురు మాట్లాడటం కాదు, పని తెలిసినవాడు అడిగే ప్రశ్న. అలా అడిగేవాడి మీద మంచి సూపర్‌వైజర్‌కు గౌరవమే పెరుగుతుంది. మేము ఆ కుర్చీలో ఉన్నవాళ్ళమే కాబట్టి చెబుతున్నాం.

చూడ్డానికి వెళ్తే

నజ్మా నుంచి థఖీరా దాదాపు 60 కిలోమీటర్లు. నలుగురు కలిసి బండి మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది. లేదంటే దోహా నుంచి అల్ ఖోర్ దాకా బస్సు, అక్కడి నుంచి టాక్సీ. 2022 ప్రపంచకప్ మొదటి మ్యాచ్ జరిగిన అల్ బైత్ స్టేడియం ఆ వైపే. నవంబర్ నుంచి మార్చి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది, పక్షులూ కనిపిస్తాయి. పూత చూడాలంటే ఎండలు మొదలయ్యాక, తెల్లవారుజామునే వెళ్ళి ఎండెక్కకముందే వచ్చేయాలి. తాగే నీళ్ళు సరిపడా తీసుకెళ్ళండి, అక్కడ కొనడానికి దుకాణాలుండవు.

వెళ్ళే ముందు పోటు, పాటు వేళలు ఫోనులో చూసుకోండి. పాటు వేళ ఊపిరి వేర్లు, పీతలు కనిపిస్తాయి. పోటు వేళ పొదలు తలలు మాత్రం పైకి పెట్టి నీళ్ళలో నిలబడి ఉంటాయి. రెండూ చూడదగ్గవే. బండిని బురద మీదికి తీసుకెళ్ళొద్దు, టైరు కింద నలిగిన వేర్లు మళ్ళీ లేవవు. పైగా బండి దిగబడితే లాగడానికి క్రేను కావాల్సిందే. బిర్యానీ పొట్లాలు, ప్లాస్టిక్ సీసాలు తిరిగి తెచ్చేయండి. కొమ్మలు విరవకండి. రాలిన ఆకు ఒకటి ఏరుకుని నాలిక మీద పెట్టుకోండి, చాలు.

సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు, వీలైతే పిల్లల్ని కోరంగి తీసుకెళ్ళండి. మడ అడవి మధ్య నడవడానికి అక్కడ చెక్కబాట ఉంది. థఖీరాలో మన నడుముకో, తలకో అందే పొద అక్కడ తలెత్తి చూడాల్సినంత చెట్టుగా కనిపిస్తుంది. నాన్న పనిచేసే దేశంలో కూడా ఇదే చెట్టు ఉందని వాళ్ళకు చూపించి చెప్పవచ్చు.